క్రౌచింగ్ టైగర్ హిడెన్ డ్రాగన్: బయట చప్పట్లు, ఇంట్లో పెదవి విరుపు ఎందుకు?

బరంపురం_బాబు
ఆంగ్ లీ తీసిన ఈ సినిమా (2000) ఈమధ్యే చూశాను, తెగ నచ్చేసింది. నాలుగు ఆస్కార్‌లు వచ్చాయి, 17 మిలియన్ డాలర్లతో తీస్తే ఒక్క అమెరికాలోనే 128 మిలియన్లు రాబట్టింది, అదీ కింద అక్షరాలు చదువుకుంటూ చూడటం అలవాటు లేని జనంతో. కానీ చైనా, హాంకాంగ్ వాళ్ల మాట చూస్తే ఏదో మొహమాటానికి బాగుందన్నట్టు ఉంది. సొంత కథ, సొంత కత్తియుద్ధాలు, వాళ్ల కంటికి ఎందుకు ఆనలేదు? ఆ వెదురు కొమ్మల మీద ఊగుతూ కొట్టుకునే సీను చూసి కూడానా?

రాయగడ_మాస్టారు
ఆ వెదురు సీనే చిక్కు బాబూ. కింగ్ హూ అనే దర్శకుడు 1971 నాటికే ‘ఎ టచ్ ఆఫ్ జెన్’లో వెదురు తోపులో కత్తియుద్ధం పెట్టేశాడు, దానికి 1975లో కాన్స్ సినిమా పండుగలో బహుమతి కూడా వచ్చింది. గాల్లో ఎగిరే వీరులు వాళ్ల నవలల్లో, సినిమాల్లో ఎప్పటినుంచో ఉన్నారు. విఠలాచార్య సినిమాలో మనిషి మాయమైతే మన తాతలు ఆశ్చర్యపోయారా? పైగా మొదటి ఫైటుకి పావుగంట ఆగాలి, అప్పటిదాకా కబుర్లే. హాంకాంగ్ ఫైట్లు మరిగినవాడు అంతసేపు కుదురుగా కూర్చోడు. నాకు మాత్రం ఆ నిదానమే నచ్చింది.

పర్లాకిమిడి_పిల్ల
అసలు గొడవ యాసది. సినిమా ఉన్నది మాండరిన్‌లో, అంటే బీజింగ్ వైపు మాట్లాడే చైనీస్‌లో. హీరో చౌ యున్ ఫాట్‌ది హాంకాంగ్, కాంటనీస్ అనే వేరే రకం చైనీస్ మాట్లాడే మనిషి. హీరోయిన్ మిషెల్ యోది మలేషియా, చైనా లిపి చదవడం రాదు, డైలాగులు శబ్దం పట్టుకుని కంఠతా పెట్టింది. చాంగ్ చెన్‌ది తైవాన్. ముఖ్య నటులు నలుగురిలో జాంగ్ జియీ ఒక్కతే బీజింగ్ పిల్ల. మనకి అన్నీ ఒకేలా వినిపిస్తాయి కానీ అక్కడివాళ్లకి ఒకే కథలో నలుగురూ నాలుగు దేశాల నుంచి దిగినట్టు ఉంటుంది. మా ఇంట్లో తెలుగే, చదివింది ఒడియాలో. వైజాగ్‌లో చీరల షాపులో రెండు ముక్కలు మాట్లాడగానే “ఒడిశా నుంచి వచ్చారా అమ్మా” అంటారు, చెవి అలా పట్టేస్తుంది మరి. సినిమాలో హీరో చనిపోతూ ప్రేమ చెప్పే చోట కూడా చెవి యాస మీదే ఉంటే ఏడుపు ఎక్కడొస్తుంది?

జైపూర్_కుర్రాడు
క్లైమాక్స్ చెప్పేశావేంటి తల్లీ, నేనింకా చూడలేదు!

బరంపురం_బాబు
యాస సరే అక్కా, అంతమాత్రాన నటన పోతుందా? మిషెల్ యో కళ్లతోనే సగం చెప్పేసింది. వేరేవాళ్లతో డబ్బింగ్ చెప్పించడం ఎంతసేపు, అలా చేయకుండా వాళ్ల గొంతులే ఉంచినందుకు నేనైతే ఆంగ్ లీకి దండం పెడతా.

రాయగడ_మాస్టారు
దీని పక్కన చైనా దర్శకుడు జాంగ్ యిమౌ తీసిన ‘హీరో’ (2002) పెట్టి చూడు. అది చైనాలోనూ విరగాడింది, 2004లో అమెరికాలో విడుదలైన వారం మొదటి స్థానంలో నిలిచింది. అయినా తిట్లు తప్పలేదు, కాకపోతే ఈసారి యాస మీద కాదు. రాజుని చంపడానికి వచ్చినవాడు దేశమంతా ఒక్కటి కావాలని కత్తి దించేస్తాడు, ఇది నియంతకి హారతి పట్టడమేనని కొందరు విమర్శకులు గట్టిగానే రాశారు. నాకూ ఆ ముగింపు మింగుడుపడలేదు. కానీ వాన చూరు నుంచి ధారగా కారుతుంటే, గుడ్డి ముసలాయన తీగల వాయిద్యం వాయిస్తుంటే, జెట్ లీ, డానీ యెన్ కొట్టుకునే సీను ఉందే, దానికోసం సినిమా మొత్తం మళ్లీ చూస్తా.