ఒంగోల్లో ఉచితంగా ఐటీయా, నెల్లూర్లో డబ్బు కట్టి సీఎస్ఈయా?

బ్యారన్_టంగుటూరు:
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఎంసెట్ మొదటి విడతలో ఒంగోల్లో బీటెక్ ఐటీ సీటొచ్చింది (ఈఏపీసెట్ అని పేరు మార్చినా మాకు నోరు తిరిగేది ఎంసెటే). కన్వీనర్ కోటా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. ఇంటి దగ్గర బస్సెక్కి పోయి సాయంత్రానికి రావచ్చు. తనేమో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) అంటోంది. నెల్లూరు దగ్గర ఒక కాలేజీవాళ్ళు మేనేజ్‌మెంట్ కోటాలో ఇస్తామన్నారు. ఐటీ అంత తీసిపోయిందా? సీటు రిపోర్టింగ్‌కి మూడ్రోజులే ఉంది.

2009_బ్యాచ్:
ఐటీ వద్దు, అన్నా. నేను ఐటీనే. క్యాంపస్‌లో ఉద్యోగమొచ్చింది. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని ఏడాదిన్నర నెల్లూరు దర్గామిట్టలో టీకొట్టు దగ్గర కూర్చున్నా. మా నాయన రోజూ పోస్ట్‌మ్యాన్‌కి ఎదురుపోయేవాడు. సర్టిఫికెట్ మీద ఐటీ అనుండాది చూడు, అదే దెబ్బ.

గూడూరు_నిమ్మకాయ:
2009లో సీఎస్ఈ వాళ్ళకి పిలిచి పిల్లనిచ్చారా ఏంది? అమెరికాలో బ్యాంకులు కూలితే నీ బ్రాంచి ఏం చేసింది పాపం.

2009_బ్యాచ్:
మా కాలేజీలో సీఎస్ఈ వాళ్ళని ముందు పిలిచారు. కళ్ళారా చూసినోడిని చెప్తుండా.

కావలి_మాస్టారు:
ఇరవై ఏళ్ళుగా ఇవే సబ్జెక్టులు చెబుతున్నాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ రెండు బ్రాంచిలకీ ఉంటాయి. తేడా అంతా ఎక్కువగా మూడు, నాలుగు సంవత్సరాల్లో మనం ఎంచుకునే సబ్జెక్టుల్లో (ఎలక్టివ్స్). ఎంటెక్ ప్రవేశపరీక్ష గేట్‌లో సీఎస్ పేపర్ పూర్తి పేరే ‘కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ’. కంపెనీలవాళ్ళు క్యాంపస్‌కొచ్చినప్పుడు అడిగేది పర్సెంటేజీ ఎంత, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా అని. మీరు చూడాల్సింది బ్రాంచి పేరు కాదు, ఆ బ్రాంచికి ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు ఉందా లేదా. అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు, బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు. గేటు మీద ఎంత పెద్ద అక్షరాలు రాసుకున్నా, ఏ బ్రాంచికి ఉందని అడగండి.

ఇంకోమాట. మేనేజ్‌మెంట్ సీటుకి రీయింబర్స్‌మెంట్ రాదు. నాలుగేళ్ళూ మీ జేబే.

2009_బ్యాచ్:
సారూ, గేట్ సంగతి ఎవురడిగారు? గవర్నమెంట్ ఉద్యోగాల నోటిఫికేషన్లో సీఎస్ఈ అని మాత్రమే ఉంటే ఐటీ పిల్లోళ్ళు యాడికి పోవాల? దానికి జవాబు చెప్పండి.

కావలి_మాస్టారు:
చాలావాటిలో రెండూ రాస్తారు. రాయని చోట ఐటీ ఎలిజిబులా కాదా అన్నది ఆ నోటిఫికేషన్ చూసి తేల్చుకోవాలి.

2009_బ్యాచ్:
చూశారా, ‘చాలావాటిలో’ అన్నారు. అన్నిట్లో అన్లేదు.

గూడూరు_నిమ్మకాయ:
ఈయన ఆ నోటిఫికేషన్ వదలడ్రా నాయనా.

కావలి_మాస్టారు:
టంగుటూరు గారూ, డబ్బు కట్టకుండా సీఎస్ఈకి దారి ఉంది. సీట్ల లెక్కలో మీ ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) రీజియన్ కింద, నెల్లూరు శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) రీజియన్ కింద వస్తాయి. అమ్మాయి చదువంతా మీ వైపే అయితే నెల్లూర్లో తను నాన్‌లోకల్, లోకల్ వాళ్ళకి కేటాయించకుండా వదిలిన 15 శాతం సీట్లలోనే పోటీ పడాలి. గుంటూరు, విజయవాడల్లో లోకల్. రెండో విడతలో అటు ఆప్షన్లు పెట్టండి. మంచి సీటొస్తే చేరండి. ఒకటే గుర్తుంచుకోండి, కొత్తది వస్తే ఒంగోలు సీటు దానంతట అదే పోతుంది.

బ్యారన్_టంగుటూరు:
థాంక్సండీ మాస్టారూ. కానీ గుంటూరు కుదరదు. నెల్లూరైతే మా చెల్లెలు ఉంది. ఆడపిల్లని హాస్టల్లో వదిలి మేం ఇక్కడ నిద్రపోలేం.

పాకల_బీచ్:
ఇప్పటిదాకా నోరు మూసుకుని చదువుతున్నా. అన్నా, రెండేళ్ళ కిందట ఇదే చోట మీ అబ్బాయి సీటు గురించి మీరు అడగలేదూ? చెన్నై వైపు కాలేజీ, హాస్టలు, మేనేజ్‌మెంట్ కోటా సీఎస్ఈ. అప్పుడు ‘ఐటీ తీసిపోయిందా’ అని అడగలేదే. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి మరీ కట్టారు. మళ్ళీ చదువుకోండి, ఆ పోస్టు ఇంకా ఇక్కడే ఉంది.

మా ఇంట్లోనూ ఇంతే. అన్నయ్యకి కొన్న సీటు, నాకు వచ్చిన సీటు. నేను ఐటీ చదివా, ఏడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా. వాడి ఎడ్యుకేషన్ లోన్ ఈ మధ్యదాకా కట్టింది నేను. ఐటీ బాగాలేదని నేనననుగానీ, ఐటీ పేరు అడ్డం పెట్టుకోవద్దు.

బ్యారన్_టంగుటూరు:
అమ్మా, మీకు మా ఇల్లు తెలీదు. ఆ అప్పు ఇంకా తీరలేదు, అందుకే ఇంతగా ఆలోచిస్తున్నా. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కి ఒక్క సీజన్‌లో కట్టెలకీ కూలీలకీ ఎంతవుద్దో మీకు తెలుసా? పిల్లనేదో తక్కువ చూసినట్టు రాస్తారేంటి? మేనేజ్‌మెంట్ సీటు ఇప్పించాలనే కదా నేను అడుగుతోంది!

పాకల_బీచ్:
డబ్బుల్లేక ఐటీ అంటే నేనూ సరే అంటా. కానీ మాస్టారు ఖర్చులేని దారి చూపిస్తే హాస్టలన్నారు. మరి అబ్బాయప్పుడు నిద్ర పట్టిందా?

గూడూరు_నిమ్మకాయ:
🙏 నేను బయటికి పోతుండా.

పెన్నా_గట్టు:
అమ్మాయిని అడిగారా అసలు?

బ్యారన్_టంగుటూరు:
నిన్న రాత్రి ఇదంతా మా అమ్మాయికి చూపించా. అసలు చూపించకూడదనుకున్నా. చదివి చాలాసేపు ఏం మాట్లాడలా. తర్వాత, ‘సీఎస్ఈ అన్నది నువ్వు నెల్లూరుకైనా ఒప్పుకుంటావని నాన్నా’ అంది. బ్రాంచి ఏదైనా పర్లేదంట. ఇంటి నుంచి బస్సులో పోయి రావడమే వద్దంట. వాళ్ళమ్మ ఏడ్చింది. నాకేం చెప్పాలో తోచలేదు.

పొద్దున్నే తనే కూర్చుని ఆప్షన్లు పెట్టుకుంది. గుంటూరు, విజయవాడ, మధ్యలో ఇంకో రెండు. సీఎస్ఈతో పాటు ఐటీ కూడా పెట్టింది. నేను పక్కన కూర్చున్నా. మాస్టారూ, ఏ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందో యాడ చూడాలి?

కావలి_మాస్టారు:
ఎన్‌బీఏ వెబ్‌సైట్లోనే ఉంటుందండి. గడువు తేదీ కూడా చూడండి. అయిపోయిన గుర్తింపుని కొందరు బ్రోచర్లో అలాగే ఉంచేస్తారు.

2009_బ్యాచ్:
ఐటీ మాత్రం కింద పెట్టమని చెప్పన్నా. సీఎస్ఈ పైన.