పదో తరగతి పిల్లలకు మార్కులా, గ్రేడులా: ఏది చదువుకు మేలు?

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో పదో తరగతి ఫలితాలకు గ్రేడులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2022లో మళ్లీ మార్కులకు వెళ్లింది. తెలంగాణ 2025 ఫలితాల నుంచి జీపీఏ (గ్రేడు పాయింట్ల సగటు) తీసేసి మార్కులు చూపుతోంది. మా పెద్దమ్మాయి గ్రేడుల కాలంలో చదివింది, చిన్నది ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. ఈ రెండింటిలో ఏది పిల్లలు నేర్చుకోవడానికి అక్కరకు వస్తుందో అనుభవమున్నవారు చెప్పగలరా?

సుద్దముక్క:
అమ్మా, నేను ముప్పై ఒక్కేళ్లు గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. గ్రేడుల లెక్కలో 91 నుంచి 100 దాకా ఎన్ని వచ్చినా పది పాయింట్లే, 90కి తొమ్మిదే. అందుకే ఆరు సబ్జెక్టుల్లోనూ 91 చొప్పున తెచ్చుకున్న పిల్లవాడికి మొత్తం 546 మార్కులే అయినా పదికి పది పాయింట్లు ఇచ్చారు. ఐదింటిలో నూటికి నూరు, గణితంలో 90 తెచ్చుకున్నవాడికి 590 మార్కులున్నా సగటు 9.8 దగ్గర ఆపేశారు. నలభై నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నవాణ్ణి వెనక్కి నెట్టిన పద్ధతి చదువుకు మేలు చేసిందని ఎలా ఒప్పుకోమంటారు?

పల్లెబడి:
సార్, మీరు చెప్పిన ఇద్దరు పిల్లలూ ఏ పద్ధతిలోనైనా గట్టెక్కుతారు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా బడిలో 36 దగ్గరా 44 దగ్గరా ఉన్న పిల్లల గురించి ఎవరూ అడగరు. గ్రేడులు వస్తే ర్యాంకుల ప్రచారం పోతుందన్నారు కానీ, ఫలితాల రోజు ఏ బడిలో ఎందరికి పదికి పది వచ్చాయన్న లెక్కే ఫ్లెక్సీలకెక్కింది.

గోదావరి గట్టు:
గ్రేడుల వల్ల నష్టపోయిన నన్ను అడగండి. పదో తరగతి గ్రేడులను బట్టి సీట్లిచ్చే ఒక సంస్థకు నేనూ నా స్నేహితుడూ దరఖాస్తు చేశాం. ఇద్దరి గ్రేడులూ ప్రతి సబ్జెక్టులోనూ ఒక్కటే. అలా సమానమైనప్పుడు వయసులో పెద్దవారికి ముందు ఇవ్వాలన్నది అక్కడి నియమం. వాడు నాకంటే ఐదు నెలలు పెద్ద కనుక వాడికి సీటు వచ్చింది, నాకు రాలేదు. మార్కులు చూసి ఉంటే నాకు వచ్చేదేమో, వాడికే వచ్చేదేమో, కనీసం కారణమైనా తెలిసేది. పుట్టినతేదీతో సీటు తేల్చడం న్యాయమా?

సుద్దముక్క:
చూశారా! 91కీ 100కీ తేడా చెరిపేస్తే చివరికి పుట్టినతేదీ తీర్పు చెప్పింది.

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
బాబూ, నీకు జరిగినది అన్యాయమే. కానీ నేను సీట్ల సంగతి అడగలేదు. నిన్న మా చిన్నదాని గణితం పరీక్ష పేపర్లు నాలుగూ పక్కపక్కన పెట్టి చూశాను. బ్రాకెట్టు ముందు మైనస్ గుర్తు ఉంటే లోపలి మొదటి పదానికి గుర్తు మారుస్తోంది, రెండోదాన్ని అలాగే వదిలేస్తోంది. జులైలో చేసిన తప్పే ఫిబ్రవరిలోనూ ఉంది. నాలుగు పేపర్లలోనూ ఆ లెక్కల మీద ఎర్రసిరాతో ఇంటూ గుర్తు, పైన గుండ్రంగా చుట్టిన మార్కు తప్ప ఒక్క అక్షరం లేదు. తనకు లెక్కలు రావని పిల్ల నిశ్చయించుకుంది. రానిది ఆ ఒక్క గుర్తు మార్చడమే. పేపరు దిద్దినవారికి ఇది కనబడలేదా?

సుద్దముక్క:
ఇప్పుడు తప్పంతా పేపరు దిద్దినవారిదైందా అమ్మా? ఒక్కో సెక్షనులో అరవై మంది చొప్పున మూడు సెక్షన్ల పేపర్లు దిద్ది, మర్నాడు ఉదయానికల్లా మార్కులు అప్పగించిన రాత్రులు నాకు ఎన్నో ఉన్నాయి. ప్రతి పిల్లవాడికీ ఉత్తరం రాయమంటే ఎప్పుడు రాయాలి? కూర్చుని మాట్లాడటం సులువు.

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
నేను కూర్చుని మాట్లాడటం లేదు, మాస్టారూ. ఇంట్లో ఏడుస్తున్న పిల్ల పక్కన కూర్చుని రాస్తున్నాను.

పల్లెబడి:
దయచేసి ఇద్దరూ శాంతించండి. రాత పరీక్షకు 80, అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులు పెట్టినప్పుడు ఆలోచన మంచిదే. పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అని నాలుగు రకాలుగా గమనించి, ఎక్కడ వెనకబడ్డారో చూసి సరిదిద్దాలన్నారు. ఆచరణలో గమనించే సమయం గడులు నింపడానికే పోయింది. నేనూ నింపాను, ప్రాజెక్టులు చదవకుండా మార్కులు వేసిన రోజులున్నాయని ఒప్పుకుంటున్నాను. పేపరు మీద మార్కు వేయాలా, ఎక్కడ తప్పిందో చెప్పే వ్యాఖ్య రాయాలా అన్న ప్రశ్నపై 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడిపిల్లలపై చేసిన అధ్యయనం వెలువడింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు, వ్యాఖ్యతో పాటు మార్కు కూడా అందుకున్నవారిలో ఆ మెరుగు కనబడలేదు. మార్కు కనబడగానే పిల్లవాడు ఇక కింద రాసినది చదవడని నా తరగతిలోనూ చూశాను.

సుద్దముక్క:
మార్కు తీసేయమనడం మీకు తేలిక. మా నాన్న వ్యవసాయ కూలీ. కాలేజీలో సీటుకు వెళ్లినప్పుడు నా తరఫున మాట్లాడేవారు ఎవరూ లేరు, చేతిలో మార్కుల జాబితా ఒక్కటే ఉంది. ఆ కాగితం మీద అంకె ఉంది కాబట్టి గుమాస్తా నన్ను కూర్చోమన్నాడు. వ్యాఖ్యలు రాసే చేతికి కులమూ తెలుసు, తండ్రి పేరూ తెలుసు. పబ్లిక్ పరీక్షలో దిద్దే చేతికి అవేవీ తెలియవు. అందుకే అంకె మీద చేయి వేస్తే నాకు కోపం వస్తుంది.

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
ఈ మాట మీరు మొదటే చెప్పి ఉంటే బాగుండేది, మాస్టారూ. పదో తరగతి చివర మీ అంకె ఉండనివ్వండి, దాన్ని నేను కాదనను. ఊరికి చూపే కాగితం అది. కానీ ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా ప్రతి లఘు పరీక్షకూ అదే అంకె ఎందుకు? అది ఎవరికి చూపడానికి?

సుద్దముక్క:
తల్లిదండ్రులే అడుగుతారమ్మా. మార్కు వేయకుండా పేపరు ఇచ్చిన ఏడాది నలుగురు తండ్రులు ప్రధానోపాధ్యాయుడి గదికి వచ్చారు. అయినా మీ అమ్మాయి పేపరులో ఆ లెక్కను యథాతథంగా ఇక్కడ రాయండి. మైనస్ గుర్తు రెండో పదానికి ఎందుకు చేరుతుందో ఆ వయసు పిల్లకు అర్థమయ్యేలా రాసి పంపుతాను. మార్కు వేయను.

గోదావరి గట్టు:
పుట్టినతేదీతో సీటు తేల్చడం న్యాయమా అని నేను అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.