రాత్రి పూట గుడ్డ డైపర్ లీకవుతోంది, పక్క తడవకుండా ఏం చేయాలి?

ప్రశ్న

మా బాబుకు 20 నెలలు. నాలుగో నెల నుంచి గుడ్డ డైపర్లే వాడుతున్నాం. పగలు ఏ ఇబ్బందీ లేదు. ఏడాదిన్నర వచ్చేదాకా రాత్రుళ్లు కూడా బాగానే గడిచాయి. రెండు నెలలుగా మాత్రం తెల్లవారుజామున చూస్తే చొక్కా బొడ్డు దాకా తడిసిపోయి ఉంటోంది. దుప్పటి సంగతి చెప్పనక్కర్లేదు. మేం వాడేది పాకెట్ డైపర్, అంటే బయట తడి దిగని కవరు, లోపల మెత్తటి గుడ్డ, రెండింటి మధ్య తడి పీల్చే పొర (ఇన్సర్ట్) పెట్టే సంచి ఉన్నది. లోపల ఒక మైక్రోఫైబర్ ఇన్సర్ట్ పెడతాను. తడుస్తోందని రెండోది కూడా పెట్టాను, ఫలితం లేదు. మూడోది పెడితే తొడల దగ్గర సందు ఏర్పడి ఇంకా ముందే కారింది. వాడు ఏడుస్తూ లేస్తున్నాడు. బట్టలు మార్చేసరికి నిద్ర పూర్తిగా తేలిపోతోంది. రాత్రికి మాత్రం వాడి పారేసే డైపర్ వేయమని ఇంట్లో అంటున్నారు. వాటితో వాడి తొడలు ఎర్రగా కందిపోతాయి, అందుకే నాకు మనసొప్పడం లేదు. ఏదైనా దారి ఉంటే చెప్పండి.

సమాధానం: ఇద్దరు పిల్లలకు గుడ్డ డైపర్లే వాడిన తల్లి

ముందుగా ఒక మాట. ఈ వయసులో ఇది చాలా ఇళ్లలో జరిగేదే. మీరు చేస్తున్న తప్పు వల్ల వచ్చింది కాదు. నెలల పిల్లలు కొద్దికొద్దిగా, మాటిమాటికీ పోస్తారు. ఏడాదిన్నర దాటేసరికి మూత్రాశయం పెరుగుతుంది, ఎక్కువ సేపు పట్టి ఉంచి ఒక్కసారే పోస్తారు. వయసుకు ఒకటి కలిపి 30తో గుణిస్తే మూత్రాశయం ఎన్ని మిల్లీలీటర్లు పట్టగలదో వైద్యులు సుమారుగా లెక్క వేస్తారు. రెండేళ్ల పిల్లవాడికి దాదాపు 90 మిల్లీలీటర్లు. అది ఒక్క ధారలో వచ్చి పడితే, నిన్నటి దాకా సరిపోయిన డైపర్ ఇవాళ తట్టుకోలేదు.

ఇంకో పొర కొనకముందు ఒక పని చేయండి. ఈసారి తడిసినప్పుడు డైపర్‌ను బకెట్‌లో పడేయకండి. దీపం వేసి, ఇన్సర్ట్ బయటికి తీసి, ముందు నుంచి వెనక దాకా చేత్తో తడిమి చూడండి. ఆ ఒక్క నిమిషంలో తెలిసేది ఎన్ని కొత్త ఇన్సర్ట్‌లు కొన్నా తెలియదు. మొత్తం నానిపోయి, పట్టుకుంటేనే కారుతుంటే బట్ట చాలడం లేదన్నమాట. ముందు భాగం ముద్దయి, వెనక పొడిగా ఉంటే బట్ట సరిపడా ఉన్నా తడి పడే చోట లేదు. పై పొర తడిసి అడుగు పొర పొడిగా ఉంటే, లేదా అంతటా సగం సగం తడిగా ఉంటే, బట్ట పీల్చుకోవడం మానేసిందో, డైపర్ సరిగా అమరలేదో చూసుకోవాలి. ఈ మూడింటికి మందు వేరు వేరు. ఏది జరుగుతోందో తెలియకుండా పొరలు పెంచుకుంటూ పోతే మీకు జరిగినట్టే తొడల దగ్గర సందు పడుతుంది.

మైక్రోఫైబర్ గురించి కూడా చెప్పాలి. ఒక ఇన్సర్ట్‌ను నీళ్లలో ముంచి, కారడం ఆగేదాకా పట్టుకుని, పళ్లెంలో పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. స్పాంజీలా నీళ్లు వదిలేస్తుంది. రాత్రంతా పిల్లవాడు తన బరువుతో చేసే పని ఇదే. మైక్రోఫైబర్ చాలా వేగంగా పీలుస్తుంది, కానీ ఒత్తిడి పడితే నిలుపుకోలేదు. రెండు పెడితే రెండు స్పాంజీలు పెట్టినట్టే. హెంప్, అంటే జనుము లాంటి ఒక మొక్క నారతో నేసిన బట్ట, దీనికి పూర్తిగా విరుద్ధం. నిదానంగా పీలుస్తుంది, పీల్చినదాన్ని పట్టి ఉంచుతుంది, పైగా పలుచగా ఉంటుంది. అందుకే రాత్రికి నేను వేసే జోడీ ఇది: పాకెట్ లోపల ఒంటి వైపు పైన మైక్రోఫైబర్, దాని కింద హెంప్. ధారను పై పొర అందుకుంటుంది, అడుగు పొర మెల్లగా దాన్ని లాక్కుంటుంది. తలకిందులుగా పెడితే హెంప్ పీల్చేలోపే తడి తొడల పక్క నుంచి పారిపోతుంది. హెంప్ దొరకకపోతే మంచి నూలు బట్టను చతురస్రంగా కత్తిరించి ఏడెనిమిది మడతలు వేసి కింద పెట్టండి. విప్పి ఆరేస్తే త్వరగా ఆరుతుంది కూడా.

మైక్రోఫైబర్ ఎప్పుడూ పాకెట్ లోపలే ఉండాలి. అది చర్మంలోని తేమను కూడా లాగేస్తుంది కాబట్టి నేరుగా ఒంటికి తగిలితే మంట పుడుతుంది. కొత్త హెంప్, నూలు ఇన్సర్ట్‌లలో సహజమైన జిడ్డు ఉంటుంది. ఐదారు సార్లు ఉతికి ఆరేస్తే గాని పూర్తిగా పీల్చవు. కొన్న రోజే వేసి, పనికిరాదని పక్కన పెట్టేయకండి.

సమాధానం: రెండేళ్ల బాబు తండ్రి

తడి బొడ్డు దాకా వచ్చిందన్నారు కదా, మీ వాడు బోర్లా పడుకుంటాడా? మా వాడు అంతే. మగపిల్లలకు డైపర్ వేసేటప్పుడు అంగం కిందికి ఉండేలా చూసుకోవాలి. పైకి ఉంటే ధార నేరుగా నడుము పట్టీ మీదికి వస్తుంది, లోపల ఎన్ని పొరలున్నా ఉపయోగం లేదు. మాకు సగం బాధ ఈ ఒక్కదానితోనే తీరింది. రెండోది, ఇన్సర్ట్‌ను వెనక పరిచే బదులు ముందు వైపు మడిచి రెట్టింపు చేయండి. ఆడపిల్లలకైతే ఆ మడత మధ్యలోకి రావాలి. వెల్లకిలా పడుకునే పిల్లలకు కాస్త వెనక్కి.

తొడల దగ్గర ఎలాస్టిక్ తొడ మీద కాకుండా గజ్జ మడతలో కూర్చోవాలి, లోదుస్తు కూర్చునే చోట. టిచ్ బటన్లు పెట్టాక వేలితో చుట్టూ సర్దండి. లోపలి బట్ట అంచు ఒక్క వెంట్రుకంత బయటికి కనిపించినా ఆ దారినే తడి బయటికి పాకుతుంది. చొక్కా అంచు నడుము పట్టీలో ఇరుక్కున్నా అంతే.

ప్రశ్న అడిగిన తల్లి

రెండు రాత్రులు చూశాను. వాడు బోర్లానే పడుకుంటున్నాడు. రెండు రోజులూ ముందు భాగం ముద్దయి ఉంది, వెనక మూడో వంతు వెచ్చగా, పొడిగా ఉంది. వంటింటి తక్కెడలో తూస్తే పొడి డైపర్ 160 గ్రాములు, ఉదయం తీసినది 390. చొక్కాకు అంటినది ఇందులో లేదు. ఇంకో సంగతి కనిపించింది. పాకెట్ లోపలి మెత్తటి గుడ్డ మీద నీటి చుక్క వేస్తే పూసలా నిలబడిపోయింది. అది పాడైనట్టేనా?

సమాధానం: మొదట రాసిన తల్లి

తూచి మంచి పని చేశారు. మూత్రం ఒక మిల్లీలీటరు దాదాపు ఒక గ్రాము తూగుతుంది. అంటే డైపర్‌లో పట్టినది 230 మిల్లీలీటర్లు, చొక్కాలోకి పోయింది అదనం. 300 దాకా పట్టే ఏర్పాటు ఉండాలి. మీ ఇన్సర్ట్‌లు ఎంత పడతాయో ఇలాగే కొలవచ్చు. పొడిగా తూచండి, నీళ్లలో నానబెట్టండి, కారడం ఆగాక అరచేత్తో బాగా నొక్కి మళ్లీ తూచండి. ఆ తేడాయే మీకు నిజంగా ఉపయోగపడేది. నొక్కకుండా తూస్తే వచ్చే అంకె మురిపిస్తుంది గాని రాత్రి నిలబడదు.

లోపలి గుడ్డ మీద చుక్క నిలిచినంత మాత్రాన కంగారు పడకండి. ఆ గుడ్డ తనలో తడి ఉంచుకోకుండా లోపలికి పంపేది. చుక్క కాసేపు నిలుస్తుంది, వేలితో తాకితే దిగిపోవాలి. తాకినా పక్కకు జారిపోతుంటే అప్పుడు అనుమానించాలి. తొడలు కందుతాయన్నారు, క్రీము ఏమైనా రాస్తున్నారా? ఇన్సర్ట్ మీద కూడా చుక్క వేసి చూడండి. అది వెంటనే ఇంకిపోవాలి.

ప్రశ్న అడిగిన తల్లి

రోజూ రాత్రి జింక్ ఉన్న క్రీము మందంగా రాస్తున్నాను. ఇప్పుడు చూస్తే చుక్క సరిగ్గా ముందు భాగంలోనే జారిపోతోంది, వెనక ఇంకుతోంది. ఇన్సర్ట్‌ల మీద కూడా కాస్త నిలుస్తోంది. మెత్తగా ఉంటాయని చివరి నీళ్లలో ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తుంటాను.

సమాధానం: ఉతకడం గురించి

మీ లీకుకు సగం కారణం ఇక్కడే దొరికింది. కండిషనర్ దారాలకు పలుచని జిడ్డు పూత పూస్తుంది, అదే మెత్తదనం. ఆ పూత నీటిని లోపలికి రానివ్వదు. డైపర్లకు, తుండుగుడ్డలకు అది వాడకూడదు. జింక్, పెట్రోలియం జెల్లీ ఉన్న క్రీములు కూడా బట్టకు పట్టి మామూలు ఉతుకుకు పోవు.

క్రీము పట్టిన చోట రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం వేసి, గోరువెచ్చటి నీళ్లతో పాత పళ్ల బ్రష్‌తో రుద్దండి. నురగ పూర్తిగా పోయేదాకా కడగండి. తర్వాత అన్నిటినీ 60 డిగ్రీల నీళ్లలో, సరిపడా డిటర్జెంటుతో ఉతకండి. పిల్లల బట్టలని డిటర్జెంటు మరీ తగ్గించేవాళ్లున్నారు, దానివల్ల మురికి లోపలే ఉండిపోతుంది. వేయవలసినంత వేసి బాగా జాడించడమే సరైన పద్ధతి. మీ నీళ్లు కఠినమైనవైతే సబ్బు బిళ్ల వాడకండి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిసి తెల్లటి మడ్డిగా దారాల్లో పేరుకుంటుంది.

రాత్రి డైపర్‌ను పొద్దున తీయగానే మంచినీళ్లతో ఒకసారి జాడించి పెట్టండి. అలాగే వదిలేస్తే బ్యాక్టీరియా యూరియాను అమోనియాగా మారుస్తుంది. కళ్లు మండేంత ఘాటు వస్తోందంటే ఉతుకు చాలడం లేదని అర్థం, చర్మం కందడానికి కూడా అది ఒక కారణం. బయటి కవరును మాత్రం మరిగించకండి, బ్లీచ్ వేయకండి. లోపలి జలనిరోధక పూత ఊడిపోతుంది. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే బుడగలు, పగుళ్లు కనిపిస్తాయి. అలా ఉంటే ఆ కవరు ఇక తడిని ఆపలేదు.

క్రీము తప్పనిసరైతే పలుచగా రాసి, డైపర్‌లో పైన సన్నటి ఫ్లీస్ గుడ్డ (నూగు ఉన్న మెత్తటి సింథటిక్ బట్ట) పరచండి. అది క్రీమును తన మీద ఉంచుకుని తడిని కిందికి పంపుతుంది.

సమాధానం: ఉన్ని కవరు వాడేవారు

పాకెట్‌తో కుదరకపోతే పూర్తిగా బట్టతో కుట్టిన డైపర్, దాని మీద ఉన్ని కవరు వేసి చూడండి. నా అనుభవంలో రాత్రికి దీన్ని మించినది లేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపల దాచుకుని కూడా చేతికి తడిగా తగలదు, గాలి ఆడనిస్తుంది. అయితే దానికి లానోలిన్, అంటే గొర్రె ఉన్నిలో సహజంగా ఉండే మైనం లాంటి జిడ్డు, పట్టించాలి. ఒక కవరుకు అర చెంచా లానోలిన్ వేడినీళ్లలో వేసి, రెండు చుక్కలు పిల్లల ద్రవ సబ్బు కలిపి బాగా కదపండి. నీళ్లు పాలలా తెల్లబడాలి. జిడ్డు తేలుతుంటే ఇంకా కలవలేదన్నమాట, అలాగే ముంచితే కవరు మీద మచ్చలు పడతాయి. గోరువెచ్చన అయ్యాక కవరును తిరగేసి ముంచి, రాత్రంతా ఉంచండి. పొద్దున పిండకుండా తుండులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరేయండి. వేడినీళ్లలో ముంచి రుద్దితే ఉన్ని ముడుచుకుపోతుంది. వాడిన ప్రతిసారీ ఉతకనక్కర్లేదు, గాలికి ఆరేస్తే వాసన పోతుంది. ఉన్ని పడని చర్మమైతే ముందు చేతి మీద తగిలించి చూసుకోండి.

సమాధానం: మొదట రాసిన తల్లి

రెండు మాటలు మర్చిపోయాను. పడుకోబెట్టే ముందు క్షణంలో డైపర్ మార్చండి, గంట ముందు వేసినది కాదు. మీరు పడుకునే వేళకు ఇన్సర్ట్ బరువుగా అనిపిస్తే మసక వెలుగులోనే మరోసారి మార్చేయండి. చాలామంది పిల్లలు దానికి లేవరు. పైన బిగుతైన బట్టలు వద్దు, అవి కూడా నొక్కి తడిని బయటికి తోస్తాయి.

తడుస్తుందని సాయంత్రం వాడికి పాలు, నీళ్లు తగ్గించకండి. దాహమేస్తే ఇవ్వాల్సిందే. అయితే ఉన్నట్టుండి దాహం బాగా పెరిగి, మూత్రం కూడా పెరిగి, బరువు తగ్గుతుంటే డైపర్ సంగతి పక్కన పెట్టి ఆ రోజే వైద్యుడికి చూపించండి. అది మధుమేహ లక్షణం కావచ్చు. జ్వరం, పోసేటప్పుడు ఏడుపు ఉన్నా చూపించాలి. మీ వాడి వయసును బట్టి, మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అలా అనిపించడం లేదు, కానీ చెప్పకుండా ఉండలేను.

ప్రశ్న అడిగిన తల్లి

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. కండిషనర్ మానేశాను. క్రీము పట్టిన డైపర్లు రుద్ది ఉతికాక చుక్క తాకగానే దిగిపోతోంది. పైన మైక్రోఫైబర్ ముందుకు మడిచి, కింద హెంప్ పెడుతున్నాను. హెంప్ మొదటి మూడు రోజులు ఏమీ పీల్చలేదు, మీరు ముందే చెప్పకపోతే పక్కన పడేసేదాన్ని. నాలుగో రాత్రి ఒకసారి తడిసింది, చూస్తే చొక్కా అంచు ఎడమ తొడ దగ్గర ఇరుక్కుని ఉంది. ఆ తర్వాత పది రాత్రులు పక్క పొడిగా ఉంది. నిన్న ఉదయం తూస్తే డైపర్ 455 గ్రాములు ఉంది. కొత్త ఏర్పాటు పొడిగా 185. అంటే 270 మిల్లీలీటర్లు లోపలే ఆగాయి, వాడు ఆరున్నర దాకా కదలకుండా పడుకున్నాడు. క్రీము తగ్గించినా తొడలు కందలేదు. ఉన్ని కవరు ఒకటి తెప్పించాను, లానోలిన్ నీళ్లు పాలలా తెల్లబడేదాకా కలుపుతూనే ఉన్నాను. ఈ రాత్రికి నానబెడుతున్నాను.