సమస్య: "మంచు కరుగు కొలది మత్తు పెరుగు"

నిర్వాహకురాలు:
ఈ వారం పాదం పైనే ఉంది. మొన్న ఇంట్లో అనాస రసం, కొబ్బరి మీగడ, తెల్ల రమ్ము కలిపి పీనా కొలాడా చేశాను. గ్లాసు అడుగున మిగిలింది నోట్లో పోసుకుంటే పల్చగా, నీళ్ళ రుచితో ఉంది. తల మాత్రం అప్పుడే తేలికపడటం మొదలైంది. ఐసు కరిగితే పానీయం పలుచబడాలి కదా, మత్తెందుకు పెరిగింది అనుకుంటుండగానే పాదం దానంతటదే వచ్చింది. దీన్ని ఆటవెలది పద్యానికి చివరి పాదంగా పెట్టి, మిగతా మూడు పాదాలూ మీరు పూరించండి. పానీయం ఇంట్లో కలిపినదే అయి ఉండాలి. ఇది ఒక్కటే షరతు.

మరుమల్లె:

ఘాటు తగ్గినంత గడగడ తాగుచు
గుక్క లెక్క మరచి కోరుకొనగ
రమ్ము మెల్లగాను రక్తమందున చేరు
మంచు కరుగు కొలది మత్తు పెరుగు

గురులఘువు:
భావం సూటిగా ఉంది మరుమల్లె గారూ. "గుక్క లెక్క" చెవికి బాగుంది, "గు"కీ "కో"కీ యతి కూడా హాయిగా కుదిరింది. ఒక్కటే, "మెల్లగాను"లో ఆ "ను" పాదం నింపడానికి వచ్చినట్టుంది. "రమ్ము మెల్లమెల్ల రక్తమందున చేరు" అంటే గణాలూ చెడవు, నెమ్మదిగా ఎక్కడమూ కనబడుతుంది.

మరుమల్లె:
మార్చేశాను మాస్టారూ. నాకూ అక్కడే ముల్లులా గుచ్చుకుంటోంది.

పాతకలం:
అందరూ ఐసు అంటే నీళ్ళే అనుకుంటున్నారు. నా పూరణ చూడండి.

రమ్ము కొంత కలిపి రసమును గడ్డగా
చేసి గ్లాసులోన చేర్చినాను
నీటి చుక్క లేదు నీరసమెక్కడ
మంచు కరుగు కొలది మత్తు పెరుగు

మరుమల్లె:
"నీటి చుక్క లేదు నీరసమెక్కడ" దగ్గర ఆగిపోయానండీ. రసం లేకపోవడం, ఓపిక లేకపోవడం, రెండూ ఒకే మాటలో దొరికాయి. ఈ వారం నాకు నచ్చిన పాదం ఇదే.

గురులఘువు:
"చేసి గ్లాసు" అన్నారు. "గ్లా" ముందున్న "సి" గురువు కాదా?

పాతకలం:
కాదు. రెండూ వేరు మాటలు, సమాసం కాదు. తెలుగులో అలాంటిచోట ముందక్షరం లఘువుగానే ఉంటుంది. ఈ ప్రశ్న మీరు నన్నడగడం ఇది మూడోసారి. వేరేవాళ్ళ పద్యాల్లో ఇదే వస్తే అడగగా నేను చూడలేదు.

గురులఘువు:
మీ పద్యాలు రెండుసార్లు చదువుతాను కాబట్టి మీకే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. గణం ఒప్పుకున్నాను.

వానకోయిల:
ఛందస్సు సరే, ఫ్రీజరు ఒప్పుకోవాలి కదండీ పాతకలం గారూ. రమ్ములో మద్యసారం 40 శాతం. ఇంట్లో ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ చల్లదనానికి ఉత్త రమ్ము గడ్డకట్టదు. రసంలో కొంచెమే కలిపితే గడ్డ కడుతుంది, నిజమే. కానీ అప్పుడు కూడా ముందు గడ్డకట్టేది నీరు. మద్యసారం ఎక్కువున్న భాగం గడ్డ సందుల్లో చిక్కటి ద్రవంగా మిగిలిపోతుంది. గ్లాసులో వేయగానే ముందు కారేది అదే. అంటే మీ పద్యంలో మత్తు మొదటి గుక్కలోనే దిగిపోయి, చివరికి పలుచటి అనాస రసం మిగులుతుంది. మీ విరుపు పాదానికి సరిగ్గా ఎదురు నడుస్తోంది.

పాతకలం:
ఈ లెక్క నాకు తట్టలేదు. గడ్డ మెత్తగా ఉండటం, వేలితో నొక్కితే దిగిపోవడం చూశాను గానీ ఎందుకో ఆలోచించలేదు. పద్యం మాత్రం ఉంచుతాను. మీ పూరణ ఏదీ?

వానకోయిల:
ఇది నా వంటింట్లో జరిగిందే. కొబ్బరి మీగడ లేదని మామూలు పాలు పోశాను. తాజా అనాస రసం, పాలు, రమ్ము, ఐసు. పది నిమిషాల్లో గ్లాసు గోడకు తెల్లటి పలుకులు అంటుకున్నాయి, స్ట్రా మూసుకుపోయింది.

పండు పిండి పాలు పైన పోసితి నేను
విరిగిపోయెనంత వింత చూడు
గ్లాసులోన తేలె గడ్డలై రమ్ముతో
మంచు కరుగు కొలది మత్తు పెరుగు

నిర్వాహకురాలు:
పెరుగు! ఈ పాదం పెట్టేటప్పుడు ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నాకు తోచనే లేదు. "తేలె" అన్న క్రియకు కర్త నాలుగో పాదం చివర దొరకడం చూసి మళ్ళీ మొదట్నుంచి చదివాను. రెండోసారి చదివితే వేరే పద్యం.

పాతకలం:
పొగిడే ముందు రెండు మాటలు. ఒకటి, విరిగిన పాలు పెరుగు కాదు. పెరుగు తోడు వేస్తే తోడుకుంటుంది, ఆ పులుపు పాలను పట్టి గట్టిపరుస్తుంది. ఇక్కడ జరిగింది వేరు. అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంది. అది పాలలోని ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది, అందుకే విరుగుతాయి, ఇంకాసేపుంటే చేదెక్కుతాయి. దాన్ని పెరుగంటే పాలు తోడేసే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. రెండోది, "పెరుగు"ను ఇలా విరవడం నాది. "నీడ పెరుగు వేళ నిదుర పెరుగు" పాదానికి, అందరూ నిద్రపోతుండగా గిన్నెలో తోడుకున్న పెరుగు మీద నేను రాసింది ఇక్కడే ఉంది.

గురులఘువు:
ఉంది. దాని మూడో పాదంలో యతి తప్పిందని నేను అప్పుడే రాశాను. మీరు దిద్దలేదు.

పాతకలం:
భావం చెడుతుందని దిద్దలేదు.

గురులఘువు:
భావం కోసం యతి వదిలే హక్కు మీకుంటే, పెరుగు కోసం తోడు వదిలే హక్కు వానకోయిల గారికీ ఉండాలి.

నిర్వాహకురాలు:
విరుపు ఎవరిదన్న తగువు ఈ పానీయానికీ ఉంది. కరీబియన్ దీవి ప్యూర్టో రికో రాజధాని సాన్ హువాన్‌లో కరీబ్ హిల్టన్ హోటల్ వాళ్ళు 1954లో తమ దగ్గరే పుట్టిందంటారు. అదే ఊళ్ళో బర్రాచీనా రెస్టారెంటు 1963లో పుట్టింది తమ దగ్గరేనని ఫలకం పెట్టుకుంది. 1978లో ఆ దీవి దీన్ని తన అధికార పానీయంగా ప్రకటించుకుంది. ఫలకాలు రెండున్నా తాగేవాళ్ళకు గ్లాసు ఒక్కటే. ఒకే మాట ఇద్దరికి తట్టడం తప్పు కాదు పాతకలం గారూ. ఆ నీడ పద్యంలో పెరుగు చల్లగా పడుకుని ఉంది, ఇక్కడ విరిగి తేలుతోంది. రెండు చూపులు వేరు.

తొలిఅడుగు:
నమస్కారం అండీ, మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

కొబ్బరి పాలు పోసి కొంత రమ్మును చేర్చి
పండు రసము కూడ పాళ్ళ కలిపి
కబురులాడుకొనగ కాలమే తెలియదు
మంచు కరుగు కొలది మత్తు పెరుగు

గురులఘువు:
"కొబ్బరి" దగ్గరే గణం జారింది తమ్ముడూ. మిగతా మూడు పాదాలూ శుభ్రంగా ఉన్నాయి.

మరుమల్లె:
కొబ్బరిని తీసేయనక్కర్లేదు, చోటు మారిస్తే చాలు. "కొంత రమ్ము పోసి కొబ్బరి పాలతో." యతి కూడా దానంతటదే పడింది. మూడో పాదం మాత్రం ముట్టుకోవద్దు, సమస్యకు అసలు జవాబు అక్కడే ఉంది.

నిర్వాహకురాలు:
నాకూ అలాగే అనిపించింది. నేను కొలిచిన పాళ్ళు రమ్ము 50 మిల్లీలీటర్లు, కొబ్బరి మీగడ 30, తాజా అనాస రసం 50. మొత్తం 130. రమ్ములో మద్యసారం 20 మిల్లీలీటర్లు, అంటే గ్లాసులో నూటికి 15 పైచిలుకు. ఐసు కరిగి 70 మిల్లీలీటర్ల నీరు చేరిందనుకోండి, మొత్తం 200, నూటికి 10. గ్లాసు పలుచబడింది. కానీ ఆ 20 మిల్లీలీటర్లూ ఎక్కడికీ పోలేదు. తాగింది రక్తంలో పూర్తిగా కనబడటానికి అరగంట, గంట, కడుపు నిండుగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. ఐసు కరిగే సమయమూ, మత్తెక్కే సమయమూ ఒకటే. తొలిఅడుగు గారి "కాలమే తెలియదు" ఆ రెంటినీ ఒక్కచోట కట్టింది. లెక్కలేవీ లేకుండా.

తొలిఅడుగు:
మార్చాను మరుమల్లె అక్కా. మా ఇంట్లో జరిగిందే రాశానండీ. పెద్ద గడ్డలు వేశాం, నెమ్మదిగా కరిగాయి. అవి మాయమయ్యేసరికి ఇద్దరం ఒకే కథ రెండోసారి చెప్పుకుంటున్నాం.

వానకోయిల:
ఈ సంగతి పద్యంలోనే ఉండాల్సింది! ఇంకోటి రాయండి. పాతకలం గారూ, పాల విషయంలో మీరన్నది నిజం. రసాన్ని మరిగించి చల్లార్చితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, పాలు విరగవు. డబ్బాలో దొరికే రసం ముందే వేడి చేసినదే కాబట్టి దాంతోనూ విరగవు. కొబ్బరిపాలలో అలా గడ్డకట్టే కేసిన్ అనే పాల ప్రోటీను ఉండనే ఉండదు. నేను పాలు పోయకుండా ఉంటే పద్యమే పుట్టేది కాదు. తోడు లేని పెరుగన్నారు కదా, ఆ మాటనే రెండో పాదంలోకి తెచ్చాను:

తోడు వేయకున్న తోడుకొనియె

గురులఘువు:
ఐదు గణాలూ సరి, యతి సరి. "వింత చూడు" అని చెప్పనక్కర్లేకుండా వింత కనబడుతోంది.

పాతకలం:
ఇదే కావలసింది. మొదటిది చదివి పాలు విరిగాయనుకున్నాను, ఇది చదివితే తాగినవాడి ఆశ్చర్యం వినబడుతోంది. నా నీడ పద్యం మూడో పాదం ఈ రాత్రికి దిద్ది పెడతాను. గురులఘువు గారు చూడాలి.