మసాలా టర్కీకి ఏ వైన్? థ్యాంక్స్‌గివింగ్ భోజనం, 14 మంది

ప్లేనో_వంటిల్లు:
అందరికీ నమస్కారం. ఇక్కడ టెక్సస్‌లో వచ్చే గురువారం అమెరికా వాళ్ల పండుగ థ్యాంక్స్‌గివింగ్‌కి 14 మందికి భోజనం. వైన్ తాగేవాళ్లు 9 మంది, మిగతావాళ్లు పెద్దవాళ్లు, పిల్లలు. టర్కీ కోడికి పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి పట్టిస్తున్నాం. పక్కన మ్యాష్డ్ పొటాటో, గ్రేవీ, పులిహోర, డబ్బాలో వచ్చే తియ్యటి క్రాన్‌బెర్రీ సాస్, పచ్చి క్రాన్‌బెర్రీలతో మన పచ్చడి. సీసాకి 15 డాలర్లు దాటకూడదు. రెడ్డా, వైటా? ఎన్ని సీసాలు? ఎంత చల్లగా ఉండాలి? తాగనివాళ్లకి కోక్ కాకుండా ఏం పెట్టొచ్చు?

ద్రాక్షపందిరి:
టర్కీ సంగతి తర్వాత, ముందు కారం సంగతి చూడండి. కారానికి పడనివి రెండు: వగరు, ఎక్కువ ఆల్కహాలు. కాబెర్నే సావిన్యాన్ అనే రెడ్ వైన్ గుక్కెడు తాగితే పచ్చి అరటికాయ కొరికినట్టు చిగుళ్లు పట్టేస్తాయి కదా, ఆ వగరే టానిన్. కొవ్వున్న వేటమాంసమైతే దాన్ని సర్దేస్తుంది. టర్కీ రొమ్ము ముక్కలో కొవ్వే ఉండదు, పైగా మీది కారంది. వగరు నాలుక మీదే నిలిచి చేదెక్కుతుంది.

అందుకే నా ఓటు కాస్త తీపి ఉన్న రీస్లింగ్ అనే వైట్ వైన్‌కి. తియ్యగా ఉంటుందో లేదో ఆల్కహాలు శాతం చెప్పేస్తుంది. జర్మనీ మోజెల్ లోయలో చేసే ‘కాబినెట్’ అనే తేలిక రకం రీస్లింగ్ సీసా మీద 8, 9 శాతం అని ఉంటే ద్రాక్షలోని చక్కెర అంతా పులవకుండా కొంత మిగిలిందని అర్థం. 12 దాటినా, ‘ట్రోకెన్’ (జర్మన్‌లో ‘డ్రై’) అని రాసి ఉన్నా తీపి ఉండదు, వదిలేయండి. వాషింగ్టన్ రాష్ట్రం రీస్లింగ్‌లు మీ ధరలోనే వస్తాయి. చాలా సీసాల వెనక డ్రై నుంచి స్వీట్ దాకా ఒక గీత ఉంటుంది, గుర్తు మధ్యలో ఉన్నది తీసుకోండి.

తీపి ఎందుకంటే మీ క్రాన్‌బెర్రీ సాస్ వల్ల. మైసూర్‌పాక్ తిన్న నోటికి కాఫీ చేదుగా తగిలినట్టే, ఆ సాస్ తిన్నాక డ్రై వైన్ ఉత్త పులుపుగా తగులుతుంది. పచ్చడితో కథ వేరు. పుల్లగా, ఉప్పగా ఉన్న ముద్ద మింగాక వైన్‌లో పులుపు తగ్గినట్టు అనిపిస్తుంది. అసలే పులుపు తక్కువున్న షార్డొనే అనే వైట్ వైన్ అక్కడ చప్పబడిపోతుంది, రీస్లింగ్ నిలబడుతుంది.

గామే_గ్లాసు:
రెడ్ కూడా ఒకటి ఉండాలండి, టేబుల్ మీద రెడ్డే అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఒరెగాన్ విలామెట్ లోయ పినో నువార్ బాగా నప్పుతుంది గానీ 15 డాలర్లలో మంచిది దొరకడం కష్టం. గామే ద్రాక్షతో చేసే ఫ్రెంచ్ రెడ్ బోజొలే విలాజ్ తీసుకోండి, వగరు తక్కువ, ఆల్కహాలు సాధారణంగా 13 శాతం దగ్గరే. ఆ ఏడాది పంటతోనే చేసే బోజొలే నువో కూడా సరిగ్గా థ్యాంక్స్‌గివింగ్‌కి వారం ముందే, నవంబర్ మూడో గురువారం విడుదలవుతుంది. అది ఇంకా పలచన. కారం ఎక్కువైతే అదే నయం.

రెడ్‌ని ‘రూమ్ టెంపరేచర్’లో ఇవ్వకండి. పొద్దున్నుంచీ అవెన్ వెలుగుతున్న ఇంట్లో అది 24 డిగ్రీలు దాటేస్తుంది, ఆల్కహాలు ఘాటే ముక్కుకి కొడుతుంది. వడ్డించే ముందు ఫ్రిజ్‌లో పెట్టి 14, 15 డిగ్రీలకి దించండి.

లెక్క: 750 మి.లీ. సీసా 150 మి.లీ. చొప్పున 5 గ్లాసులు. 9 మందికి తలా మూడంటే 27 గ్లాసులు, 6 సీసాలు. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే ఆ సీసా కార్కు వల్ల పాడైనట్టే, కాబట్టి ఇంకొకటి అదనం. 3 రీస్లింగ్, 3 బోజొలే, రాగానే తలా కొంచెం పోయడానికి 1 ప్రొసెకో (ఇటలీ బుడగల వైన్). బుడగలు కారాన్ని రెచ్చగొడతాయి కాబట్టి ప్రొసెకో భోజనానికి ముందే కానిచ్చేయండి. పేరు చూసి మోసపోకండి, ‘ఎక్స్‌ట్రా డ్రై’ అంటే ‘బ్రూట్’ అని రాసి ఉన్నదాని కన్నా తియ్యన.

హిల్‌కంట్రీ:
కాలిఫోర్నియా రెడ్ వైన్ జిన్ఫండెల్ ఎందుకు వదిలేశారు? థ్యాంక్స్‌గివింగ్‌కి చాలామంది అదే తెస్తారు.

గామే_గ్లాసు:
ఉప్పు, వెన్న రాసిన మామూలు టర్కీకైతే బాగానే ఉంటుందండి. కానీ చాలావాటికి ఆల్కహాలు 15 శాతం దగ్గర ఉంటుంది. కారం మీద మంట ఒక లెక్క, 12 శాతం వైన్ గ్లాసుతో పోలిస్తే అదే గ్లాసులో పావువంతు ఎక్కువ ఆల్కహాలు పోవడం ఇంకో లెక్క. కారు నడిపి ఇంటికెళ్లేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

బెల్లంపానకం:
తాగనివాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. వేడి ఆపిల్ సైడర్ (ఆపిల్ రసం) పెట్టండి. అరగాలన్ వడకట్టని సైడర్‌కి 2 దాల్చిన చెక్కలు, 5 లవంగాలు, 4 అల్లం బిళ్లలు వేసి సన్న సెగ మీద 25 నిమిషాలు. మరగనివ్వకూడదు, ఆపిల్ వాసన ఆవిరైపోతుంది. లవంగాలు 20 నిమిషాలకే తీసేయండి, లేకపోతే నాలుక మొద్దుబారుతుంది. కొనేటప్పుడు ‘హార్డ్’ అన్న మాట లేదని చూసుకోండి, ఉంటే అందులో ఆల్కహాలు ఉన్నట్టే.

భోజనంలోకి పానకమే నయం. లీటరు నీళ్లకి 120 గ్రాముల బెల్లం, అర చెంచా శొంఠి, 4 యాలకులు, ఒక నిమ్మకాయ. మిరియాలు మాత్రం చిటికెడు చాలు, టర్కీలో కారం ఉండనే ఉంది. బెల్లంలో ఇసుక ఉంటుంది, తప్పకుండా వడకట్టండి.

ప్లేనో_వంటిల్లు:
చాలా థ్యాంక్స్ అండి అందరికీ. టర్కీ, కూరగిన్నెలతోనే ఫ్రిజ్ నిండిపోతుంది, సీసాలు ఎక్కడ పెట్టను? వచ్చేవాళ్లలో ఇద్దరు శాకాహారులు, వాళ్లు వైన్ తాగుతారు.

ద్రాక్షపందిరి:
పిక్నిక్ ఐస్ బాక్స్‌లో 10 పౌండ్ల ఐసు వేసి, సీసాల మెడదాకా నీళ్లు పోసి, రెండు గుప్పెళ్ల ఉప్పు కలపండి. 20, 25 నిమిషాల్లో చల్లబడతాయి. ఐసు ఒక్కటే వేస్తే ముక్కల మధ్య గాలే ఉండి చాలాసేపు పడుతుంది. రెడ్‌ని అందులో 8 నిమిషాలకి మించి ఉంచకండి. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే కార్కు పైకి తన్నుకొస్తుంది.

శాకాహారులకి ‘వీగన్’ అని రాసి ఉన్న సీసా చూడండి. వైన్ తేటపడడానికి కొందరు చేపల తిత్తి నుంచి తీసిన జిగురో, గుడ్డు తెల్లసొనో వాడతారు, అది లేబుల్ మీద వేయకపోవచ్చు.

బుధవారానికే అన్నీ కొనేయండి. టెక్సస్‌లో థ్యాంక్స్‌గివింగ్ రోజు లిక్కర్ షాపులు చట్టప్రకారం మూసేస్తారు. వైన్ సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది గానీ, కాబినెట్ లాంటిది ఆ అరల్లో దొరుకుతుందన్న నమ్మకం లేదు.