వైమార్ జనానికి బుఖెన్‌వాల్డ్ సంగతి నిజంగా తెలియదా?

సందీప్_కాకినాడ:
నిన్న ఒక పాత న్యూస్‌రీల్ చూశాను. 1945 ఏప్రిల్ 16. జర్మనీలో నాజీలు నడిపిన బుఖెన్‌వాల్డ్ కాన్సంట్రేషన్ క్యాంపు అమెరికన్ల చేతికొచ్చి అప్పటికి ఐదు రోజులు. అమెరికన్ జనరల్ ప్యాటన్ ఆర్డర్ మీద పక్కనే ఉన్న వైమార్ ఊళ్లోంచి కనీసం 1000 మందిని క్యాంపున్న కొండ మీదికి నడిపించి, శవాల గుట్టలతో సహా అంతా చూపించారు. పైకెళ్లేటప్పుడు కొందరు కబుర్లాడుకుంటున్నారు. లోపల చూశాక ముక్కులకి రుమాళ్లు, ఏడుపులు. ఆ తర్వాత ఎవర్ని కదిపినా ఒకటే మాట: మాకు తెలియదు.

నాకైతే అందులో కొంత నిజం ఉందనిపిస్తోంది. పేపర్లు, రేడియో అన్నీ హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ గుప్పిట్లో. క్యాంపు చుట్టూ కరెంటు కంచె, నాజీ పార్టీ సాయుధ దళం ఎస్ఎస్ కాపలా. రేషన్ కార్డు పట్టుకుని క్యూలో నిలబడేవాడికి అడవిలో ఏం జరుగుతోందో ఎవరు చెబుతారు? ఊరు ఊరంతా దోషులే అని ఇవాళ మనం తీర్పు చెప్పేయడం న్యాయమా?

నవీన్_ఎర్ఫుర్ట్:
సందీప్ గారూ, నేను ఉండేది వైమార్ పక్క ఊళ్లోనే. మీరన్న ఆ అడవి వైమార్‌కి 8 కిలోమీటర్లు. స్టేషన్ దగ్గర 6వ నంబరు బస్సెక్కితే ఇరవై నిమిషాల్లో దింపేస్తాడు.

1937లో క్యాంపు పెట్టినప్పుడు దానికి మొదట ఆ కొండ పేరే పెట్టారు, ఎట్టర్స్‌బెర్గ్ అని. ఊళ్లోని సాంస్కృతిక సంఘంవాళ్లు ఒప్పుకోలేదు. అది మహాకవి గొయ్‌థే తిరిగిన కొండ, ఆ పేరు దీనికి తగిలించొద్దన్నారు. గమనించండి, వాళ్ల అభ్యంతరం పేరుకే, క్యాంపుకి కాదు.

ఇక అసలు సంగతి. మొదటి మూడేళ్లూ క్యాంపులో శవాలు కాల్చే ఏర్పాటు లేదు. చచ్చిపోయినవాళ్లని వైమార్ మునిసిపాలిటీ శ్మశానానికి తెచ్చి అక్కడి పొయ్యిల్లో కాల్చేవాళ్లు. 1940లో క్యాంపులోనే పొయ్యిలు కట్టేదాకా ఇదే వరస. ఖైదీలు రైలు దిగేదీ వైమార్ స్టేషన్లోనే. క్యాంపు దాకా పట్టాలు పడింది 1943లో. 1938 నవంబరులో యూదుల మీద దాడులు జరిగాక దాదాపు 10,000 మంది యూదు మగవాళ్లని ఈ క్యాంపుకి తోలారు. స్టేషన్లో దింపుతూనే బాదడం మొదలుపెట్టారు. ఇవన్నీ చూడకుండా ఉండాలంటే కళ్లు మూసుకుని తిరగాలి.

పద్మజ_బెజవాడ:
నవీన్ గారు చెప్పినవి కాదనను. కానీ అన్నీ కలిపి "తెలుసు" అని ఒకే గాటన కట్టేస్తే ఎలాగండీ? క్యాంపు ఉందని తెలియడం వేరు. లోపల చావగొడుతున్నారని తెలియడం వేరు. ఎక్కడో పోలండ్‌లో ఆష్విట్జ్‌లో గ్యాస్ పెట్టి లక్షల మందిని చంపుతున్నారని తెలియడం ఇంకా వేరు. బుఖెన్‌వాల్డ్‌లో గ్యాస్ చాంబర్ లేదు. మూడోది మాకు తెలియదని వైమార్ మనిషి అంటే నేను కొట్టిపారేయను.

ఇంకొకటి, భయం. 1934 చట్టంతో ప్రభుత్వాన్ని నాలుగు మాటలంటే జైలే. మ్యూనిక్ దగ్గర డాహౌ క్యాంపు నింపింది ముందుగా జర్మన్లతోనే, కమ్యూనిస్టులూ సోషల్ డెమోక్రాట్లూ. "దేవుడా, నన్ను మూగవాణ్ణి చెయ్యి, డాహౌకి పోకుండా చూడు" అని అప్పట్లో జనం ప్రార్థన పద్యంలా చెప్పుకునేవాళ్లు. పిల్లలున్న మనిషి నోరు మూసుకుంటే తప్పనగలమా?

కృష్ణమోహన్_వరంగల్:
పద్మజ గారూ, మీ భయం పాయింటే సందీప్ వాదనకి గండి కొడుతోంది. తెలియని దానికి ఎవడూ భయపడడు కదా. డాహౌ గురించి 1933 మార్చిలో ఎస్ఎస్ అధిపతి హిమ్లర్ ప్రెస్‌మీట్ పెట్టి మరీ చెప్పాడు. 5000 మంది పడతారని మ్యూనిక్ పేపరు అచ్చేసింది. జనం హడలిపోవాలనే చెప్పారు.

మౌట్‌హౌసెన్ క్యాంపు సంగతి వినండి. అప్పట్లో జర్మనీలో కలిపేసుకున్న ఆస్ట్రియాలో ఉంది. అక్కడి రాతి క్వారీలో ఖైదీల్ని కాల్చేవాళ్లు. 1941లో పక్కనుండే ఒక రైతు మహిళ అధికారులకి ఫిర్యాదు రాసింది. తూటా తగిలినవాళ్లు వెంటనే చావట్లేదు, శవాల పక్కనే గంటల తరబడి, ఒక్కోసారి సగం రోజు అలాగే పడుంటున్నారు, నాకసలే ఒంట్లో బాగుండదు, ఇవి చూస్తే నరాలు తట్టుకోలేకపోతున్నాయి అని. ఈ అమానుషం ఆపండి, లేదంటే మాకు కనబడని చోట చేసుకోండి అని ముగించింది. ఆవిడ క్రూరురాలని నేననను, కాయితం మీద పెట్టడానికే గుండె కావాలి. కానీ ఆ రెండో కోరిక చదివాక "తెలుసా తెలియదా" అనే ప్రశ్నే నాకు చిన్నదైపోయింది.

సందీప్_కాకినాడ:
సరే, కనిపించిందనే అనుకుందాం. కనిపించినదాన్ని వాళ్లు ఎలా అర్థం చేసుకున్నారు? లోపలున్నవాళ్లు నేరస్తులు, దేశద్రోహులు అని ఏళ్ల తరబడి నూరిపోశారు. నమ్మేసి ఉంటారు. అది తెలియడం కిందికొస్తుందా?

నవీన్_ఎర్ఫుర్ట్:
నమ్మినవాళ్లు చాలామందే ఉంటారు, ఒప్పుకుంటాను. అప్పుడు వాళ్లు చెప్పాల్సింది "తెలుసు, సరైనదే అనుకున్నాం" అని. 1945లో ఆ మాట ఎవరూ అనలేదు, అదీ నా బాధ.

యుద్ధం ముదిరాక బుఖెన్‌వాల్డ్ కింద 130కి పైగా ఉప క్యాంపులు. వైమార్ గుస్ట్‌లోఫ్ ఆయుధాల ఫ్యాక్టరీలో ఖైదీలు జర్మన్ కార్మికుల కళ్లెదుటే పనిచేశారు. 1945 ఫిబ్రవరిలో బాంబులు పడితే ఊళ్లో శిథిలాలు ఎత్తిందీ వాళ్లే. మా ఎర్ఫుర్ట్‌లో టాప్ఫ్ కంపెనీ ఉండేది. బుఖెన్‌వాల్డ్‌కీ ఆష్విట్జ్‌కీ పొయ్యిలు చేసింది ఇదే, ఆష్విట్జ్ గ్యాస్ చాంబర్లకి గాలి మార్చే యంత్రాలు కూడా. బిగించడానికి మనుషుల్ని అక్కడికే పంపింది. కాబట్టి పద్మజ గారి మూడో రకం కూడా పూర్తిగా పోలండ్‌లోనే దాగి లేదు.

పద్మజ_బెజవాడ:
ఆ ఇంజినీర్లనీ, అప్పటికి పదేళ్లున్న పిల్లల్నీ ఒకే "ఊరివాళ్లు" ఖాతాలో వేయకండి, అంతే నేననేది. తెలిసినా ఏం చేయగలరు అన్నదానికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

కృష్ణమోహన్_వరంగల్:
దానికి హాడమార్ ఉంది. క్యాంపు కాదు, మానసిక రోగుల ఆస్పత్రి. 1941లో జనవరి నుంచి ఆగస్టు దాకా అక్కడ 10,000 మందికి పైగా రోగుల్ని గ్యాస్‌తో చంపారు. రోగుల్ని తెచ్చే బస్సు కనబడితే ఊరి పిల్లలు "అదిగో హత్యల పెట్టె వచ్చింది" అని అరిచేవాళ్లు. పోట్లాడుకుంటే "నీకు బుర్ర లేదు, నిన్ను హాడమార్ పొయ్యిలో వేస్తారు" అని తిట్టుకునేవాళ్లు. లింబుర్గ్ బిషప్ ఇదంతా న్యాయశాఖ మంత్రికి ఉత్తరంలో రాశాడు. ఆ ఆగస్టులోనే మ్యున్‌స్టర్ బిషప్ గాలెన్ చర్చిలోనే ఈ హత్యల్ని ఎండగట్టాడు. ఆగస్టు 24న హిట్లర్ ఆ గ్యాస్ కార్యక్రమం ఆపమన్నాడు. మరుసటి ఏడాది మందులతో, ఆకలితో మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి గుట్టుగా. అంటే జనం గొణిగితే హిట్లర్ కూడా లెక్కచేశాడు. ఆ రోగులు వాళ్ల అన్నదమ్ములు, పిల్లలు. కొండ మీదున్న రష్యన్ ఖైదీ కోసం, యూదు కోసం వైమార్‌లో ఆ గొణుగుడు ఎందుకు లేచిరాలేదో చెప్పండి, భయం ఒక్కటే కారణమైతే.