నీలి వాలుల దగ్గరే ఆగిపోయిన నా స్కీయింగ్: శిక్షకుల పాఠాలను ఎలా ఉపయోగించుకోవాలి?

ప్రశ్న (డెన్వర్ నుంచి)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఉద్యోగరీత్యా డెన్వర్‌లో ఉంటున్నాము. ఇక్కడికి వచ్చేవరకు మంచును కళ్ళారా చూసి ఎరుగను. గడిచిన నాలుగు శీతాకాలాల్లో కీస్టోన్, బ్రెకెన్‌రిడ్జ్ కొండల మీద ఏటా పది పన్నెండు రోజులు స్కీయింగ్ చేశాను. మొదటి ఏడాది రెండు రోజులు బృంద పాఠాలకు వెళ్ళాను. ఆ తరువాత నేర్చుకున్నదంతా మిత్రుల వెంట తిరుగుతూ నేర్చుకున్నదే.

తేలికైనవని ఆకుపచ్చ గుర్తు పెట్టిన వాలులన్నీ హాయిగా దిగగలను. యంత్రంతో మంచును చదును చేసిన ఉదయం పూట, మధ్యస్థమైన నీలి గుర్తు వాలుల మీద కూడా నా స్కీలు రెండూ సమాంతరంగానే ఉంటాయి. కాని వాలు కొంచెం నిటారుగా మారినా, మధ్యాహ్నానికి మంచు కుప్పలు కుప్పలుగా పోగుపడినా, ప్రతి మలుపు మొదట్లోనూ స్కీల ముక్కులు దగ్గరై తోకలు విడిపోతున్నాయి. మలుపుకు బయటివైపున్న స్కీ పట్టు తప్పి పక్కకు జారిపోతోంది. నాలుగు మలుపులు తిరిగేసరికి తొడలు మండిపోతున్నాయి. కఠినమైన నల్ల డైమండ్ గుర్తు వాలుల మీదకు ధైర్యం చేసి వెళితే అన్నీ వాటంతట అవే వస్తాయని మిత్రులు అంటున్నారు. నాకు మాత్రం శిక్షకుల దగ్గరకే మళ్ళీ వెళ్ళాలని ఉంది. ఒకరోజు వ్యక్తిగత పాఠం మేలా, నాలుగు బృంద పాఠాలు మేలా? శిక్షకుడికి ఏమి చెప్పి మొదలుపెట్టాలి?

జవాబు (వాంకూవర్ నుంచి)

నమస్కారమండీ. నేను కెనడాలో రెండవ స్థాయి శిక్షకురాలిగా అర్హత పొంది, వారాంతాల్లో పెద్దవాళ్ళకు పాఠాలు చెబుతున్నాను. మిమ్మల్ని కొండ మీద చూడకుండా తీర్పు చెప్పడం సరికాదు కాని, మీరు రాసిన మూడు ఇబ్బందులూ ఒకే మూలం నుంచి పుట్టినవని నా అనుభవం చెబుతోంది.

వాలుకు అడ్డంగా వెళుతున్నప్పుడు బరువు దిగువ స్కీ మీద ఉంటుంది. మలుపు తిరగాలంటే ఆ బరువు ఎగువ స్కీ మీదకు మారాలి, ఎందుకంటే రాబోయే మలుపులో అదే బయటి స్కీ అవుతుంది. ఇక్కడే శరీరం ఎదురు తిరుగుతుంది. కిందికి చూడగానే భయంతో మనిషి కొండవైపుకూ వెనక్కూ ఒరుగుతాడు. అలా ఒరిగే మలుపు తిరిగినప్పుడు బరువు లోపలి స్కీ మీదా, రెండు మడమల మీదా పడుతుంది. బయటి స్కీ తేలికైపోతుంది కనుక దాని అంచు మంచును కరవదు. ఇక దాన్ని తిప్పడానికి మడమతో బయటికి తోయడం తప్ప కాలికి వేరే దారి ఉండదు. మీకు కనిపిస్తున్న ఆ వి ఆకారం ఈ తోపుడు వల్లనే వస్తోంది. తొడల మంటకూ కారణం ఇదే: వెనక్కు కూర్చున్నట్టుగా ఉన్న శరీరాన్ని ఎముకలు మోయవు, తొడ కండరాలే పూర్తిగా మోయవలసి వస్తుంది. ఇప్పటి స్కీలు నడుము దగ్గర సన్నగా, ముక్కు దగ్గర వెడల్పుగా ఉంటాయి. ముక్కువైపు ఒత్తిడి అందితే అవి మలుపును తామే మొదలుపెడతాయి, కాని వెనక్కు ఒరిగినవారికి ఆ సాయం అందదు.

అందుచేత మంచి శిక్షకుడు మిమ్మల్ని మొదట నిటారు వాలుకు తీసుకుపోడు. ఆకుపచ్చ వాలుకు వెనక్కు తీసుకువెళతాడు. దీన్ని దయచేసి చిన్నతనంగా భావించకండి. భయం లేనిచోట మాత్రమే శరీరం కొత్త అలవాటును ఒప్పుకుంటుంది. అక్కడ వాలుకు అడ్డంగా పోతూ ఎగువ స్కీని రెండు అంగుళాలు పైకెత్తి ఉంచమంటాడు. దిగువ కాలి మీద నిజంగా నిలబడ్డారో లేదో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. మలుపు పొడవునా పాదాలను చిన్నచిన్నగా ముందుకూ వెనక్కూ కదుపుతూ ఉండమంటాడు. మడమల మీద కూర్చున్నవారు అలా కదపలేరు. ఛాతీని లోయవైపే ఉంచి, వాలుకు అడ్డంగా ఉన్న స్కీలను చదును చేసి నిలువుగా కిందికి జారి, మళ్ళీ అంచులు నిలిపి ఆగమంటాడు. నేను అన్నిటికంటె ఎక్కువగా నమ్మే సాధన ఈ చివరిదే. అంచును ఎప్పుడు వదలాలో, ఎప్పుడు పట్టాలో చీలమండలకు నేర్పేది అదే. (వి ఆకారం నుంచి సమాంతర మలుపుకు మెట్టు మెట్టుగా తీసుకువెళ్ళే పద్ధతికి 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఆస్ట్రియాలోని ఆర్ల్‌బర్గ్ ప్రాంతంలో హానెస్ ష్నైడర్ రూపం ఇచ్చాడు. మీరు దాని మధ్య మెట్టు మీద ఉన్నారు. లక్షలమంది ఆగిన మెట్టు అది. ఇందులో మీ తప్పేమీ లేదు.)

పాఠాల విషయానికి వస్తే, ఒకేరోజు పొడవునా తీసుకునే పాఠం కన్నా, ఒకే శిక్షకుడితో మూడు పూటలు, వాటి మధ్య మూడేసి రోజుల సొంత సాధన ఉండేలా ఏర్పాటు చేసుకోండి. ఉదయపు పూటే ఎంచుకోండి; అలసిన కాళ్ళకు ఏమీ ఎక్కదు. అమెరికాలో శిక్షకుల జాతీయ సంఘం మూడు స్థాయిల అర్హతలు ఇస్తుంది. బుక్ చేసేటప్పుడే అన్నిటికన్నా పైదైన మూడవ స్థాయివారు కావాలని అడగండి. మొదలుపెట్టగానే, "రెండుసార్లు నన్ను దిగనిచ్చి, మూల దోషం ఒక్కటే చెప్పండి, ఈ పూట దాని మీదే పని చేద్దాం" అని చెప్పండి. ఫోనుతో వీడియో తీయించుకోండి. చివరి అయిదు నిమిషాల్లో, "ఒంటరిగా ఏది సాధన చేయాలి, అది సరిగా వస్తోందని నాకెలా తెలుస్తుంది?" అని తప్పక అడగండి. ఈ రెండో ప్రశ్న అడిగేవారు చాలా అరుదు, కాని పాఠం మనతో ఇంటికి వచ్చేది దాని వల్లనే.

నల్ల డైమండ్ సలహాను మాత్రం పక్కన పెట్టండి. అక్కడ భయం పెరుగుతుంది, వెనక్కు ఒరగడం పెరుగుతుంది, ఆ ఒరుగుడే అలవాటుగా గట్టిపడుతుంది.

జవాబు (న్యూజెర్సీ నుంచి)

పాఠానికి డబ్బు కట్టేముందు మీ బూట్లు చూసుకోండి. నేను మూడేళ్ళు అద్దె బూట్లతో వెనక్కు ఒరుగుతూనే ఉన్నాను. ఒక శిక్షకుడు పాఠం మధ్యలో ఆపి నా పాదం కొలిపించారు. పాదం 26 సెంటీమీటర్లు. వేసుకున్న బూటు 28. చలికి భయపడి రెండు జతల మేజోళ్ళు కూడా తొడిగేవాణ్ణి. బూటు లోపలి మెత్తను తీసేసి, వేళ్ళను ముందు గోడకు ఆనించి నిలబడినప్పుడు మడమ వెనక ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే చాలునట. నాకు అరచేయి దూరేది. మడమ లోపల తేలుతూ ఉంటే, కాలిని ముందుకు వంచి బూటు నాలుకను ఎంత నొక్కినా ఆ ఒత్తిడి స్కీ ముక్కుకు చేరదు. బూట్లు బిగించే నిపుణుడి దగ్గర సరైనవి కొనుక్కుని, ఒకే జత పలుచని మేజోళ్ళతో వెళ్ళిన మొదటి రోజున, అంతకుముందు పాఠాల్లో విన్న మాటలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

జవాబు (హైదరాబాద్ నుంచి)

పైన శిక్షకురాలు చెప్పిన దానిలో ఒక్క అంశం మీద నా అనుభవం వేరుగా ఉంది. కేంద్ర పర్యాటక శాఖ కింద గుల్‌మార్గ్‌లో నడిచే స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థలో నేను పద్నాలుగు రోజుల కోర్సు చేశాను. మొదటి రోజుల్లో లిఫ్టు లేదు. స్కీలు తొడుక్కునే అడ్డంగా అడుగులేస్తూ వాలు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. రోజుకు కొద్దిసార్లే దిగే వీలుండేది కనుక దిగిన ప్రతిసారీ ధ్యాస నిలిచేది. అడ్డంగా ఎక్కేటప్పుడు అంచు పట్టు ఏమిటో పాదానికి తెలిసివచ్చింది. అదే శిక్షకుడు రోజూ చూస్తూ ఉండడం వల్ల నిన్నటి దోషం ఈరోజు ఎంత తగ్గిందో ఆయనే చెప్పేవారు. కాబట్టి పాఠాలను నెలల పొడవునా పంచుకోవడం కన్నా, సెలవు పెట్టి వరుసగా అయిదారు రోజులు వెళ్ళగలిగితే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారి నుంచి, అయిదు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. వరుసగా సెలవు దొరకలేదు కనుక వాంకూవర్ వారి పద్ధతినే పాటించాను. ముందు బూట్లు మార్చాను. నావి సరిగ్గా ఒక సైజు పెద్దవిగా తేలాయి. వ్యక్తిగత పాఠం ధర ఇక్కడ మనిషికి ఇంత అని కాక పూటకు ఇంత అని ఉంటుంది కనుక, నా స్థాయిలోనే ఉన్న మరో ఇద్దరితో కలిసి పంచుకున్నాము.

శిక్షకురాలు మా ముగ్గురినీ రెండుసార్లు దిగమని, నాతో ఒక్క మాట చెప్పారు: నేను మలుపు తిరగడానికి తొందరపడుతున్నానట. స్కీలు నేరుగా కిందికి చూసే ఆ ఒక్క క్షణాన్ని భరించలేక మడమతో తోసి దాటేస్తున్నానని వీడియోలో చూపించారు. ఆకుపచ్చ వాలు మీద ఆ క్షణాన్ని "ఒకటి, రెండు" అని పైకి లెక్కపెడుతూ గడపమన్నారు. లెక్క పూర్తయ్యేవరకు ఓపిక పడితే స్కీలు వాటంతటవే తిరగడం మొదలుపెట్టాయి, తోయవలసిన అవసరమే రాలేదు. రెండో పాఠంలో అదే లెక్కను నీలి వాలుల మీదకు తెచ్చాము. గత శనివారం మధ్యాహ్నం, మంచు కుప్పలు పడ్డాక, ఒకే నీలి వాలును ఆగకుండా పైనుంచి కిందివరకు దిగాను, తొడలు మండలేదు. ఎడమవైపు మలుపుల్లో మాత్రం తోపుడు ఇంకా మిగిలి ఉంది. మూడో పాఠం వచ్చే ఆదివారం. ఈసారి ఎడమ మలుపు ఒక్కటే చూడమని ముందుగానే రాశాను.